బాలుర అద్భుతకథలలో ‘తానెవరు’ అను ప్రశ్న: జగ్గయ్యపేట మాంధాతశిల్పము ఆధారముగ ఒక పరిశీలనము

ప్రస్తావన

బాలసాహిత్యమును గూర్చి మన ప్రాచ్యకళాశాలలలో జరుగు చర్చ మిక్కిలి స్వల్పము. కావ్యనాటకములు, అలంకారశాస్త్రము, వ్యాకరణము మాత్రమే పరిశోధనకు అర్హములనియు, పిల్లల కథలు ప్రాథమికపాఠశాలల వారి పాలివనియు ఒక భావము మనలో నాటుకొని యున్నది. కాని పంచతంత్రము, హితోపదేశము, కథాసరిత్సాగరము, జాతకములు అను గ్రంథములే నేడు పలుదేశముల పిల్లలు చదువుకొను అద్భుతకథలలో చాల భాగమునకు మూలములు. వానిని మూలభాషలో చదివి, ఏ వాక్యము ఎవరి నోట పలికింపబడినదో నిర్ణయింపగల శిక్షణ మన విద్యార్థులకే కలదు. కావున ఈ విషయమున మనము మౌనము వహించుట తగదు.

ఈ వ్యాసమున విచారింపబడు విషయము ఒక్కటే. అద్భుతకథ బాలుని ఎదుట ‘నేనెవడను’ అను ప్రశ్నను ఏ విధముగ నిలుపును? దానికి ఎంతవరకు సమాధానము చెప్పును? ఈ విచారమునకు మూడు కథలు గ్రహింపబడినవి. అవి మాంధాత జన్మకథ, తలలు మారిన కథ, నీలవర్ణజంబుకకథ. మొదటిదానికి పూర్వపు కృష్ణాజిల్లా మెట్టసీమలోని జగ్గయ్యపేటయందే శిలాసాక్ష్యము లభించుట విశేషము.

పరిభాషావిషయమున ఒక మాట. ఆంగ్లమున ‘ఐడెంటిటీ’ అను దానికి నేటి విమర్శకులు ‘అస్తిత్వము’, ‘అస్మిత’ అను పదములను వాడుచున్నారు. యోగశాస్త్రమున అస్మిత పంచక్లేశములలో ఒకటి. తొలగించుకొనదగినదే కాని పెంపొందించుకొనదగినది కాదు. అందుచే మన ప్రయోజనమునకు ‘ప్రత్యభిజ్ఞ’ అను పదము మేలు. పూర్వము చూచిన దేవదత్తుడే ఇప్పుడు ఎదుటనున్న ఈ దేవదత్తుడని గుర్తించుట ప్రత్యభిజ్ఞకు శాస్త్రప్రసిద్ధమైన ఉదాహరణము. దేశకాలములు మారినను, వేషము మారినను ‘వాడే వీడు’ అను జ్ఞానము ఎట్లు కలుగును? అద్భుతకథలన్నియు తిరుగునది ఈ ఇరుసు చుట్టునే.

పూర్వపక్షము

అద్భుతకథలపై రెండు ఆక్షేపములు వినబడుచుండును. మొదటిది: రాక్షసులు, బేతాళులు, మాటలాడు మృగములు గల కథలు పిల్లలలో మూఢవిశ్వాసమును పెంచును; శాస్త్రీయదృష్టికి అవి విఘాతములు. రెండవది: కథలో గ్రహింపదగినది నీతి మాత్రమే, అద్భుతము చేదుమందునకు పూసిన తేనె వంటిది. మొదటివారు తేనె వలదందురు. రెండవవారు మందు దక్కిన చాలునందురు. ఇరువురును అద్భుతమునకు స్వతంత్రమైన ప్రయోజనము లేదనుటలో ఏకాభిప్రాయులే.

మొదటి ఆక్షేపమునకు న్యాయశాస్త్రమే సమాధానము చెప్పుచున్నది. ఒక వస్తువు అట్లు కాదని నిశ్చయముగ తెలిసియుండియు, ఇచ్ఛాపూర్వకముగ అట్లని భావించుటను నైయాయికులు ‘ఆహార్యజ్ఞానము’ అనిరి. అది భ్రమ కాదు. త్రాటిని చూచి పామని భయపడువాడు భ్రాంతుడు. త్రాటిని తిప్పుచు ‘ఇది పాము’ అని ఆడుకొను బాలుడు భ్రాంతుడు కాడు. ముఖము చంద్రుడను రూపకమును ఆస్వాదించు సహృదయునకు ముఖము చంద్రబింబము కాదని తెలియదా? కథ వినుచున్న బాలునకు నక్క మాటలాడదని తెలిసియే యున్నది. తెలిసియు అంగీకరించుటలోనే అతని బుద్ధి వ్యాయామము పొందును. నిజమునకు, కల్పనకు నడుమ గల గట్టును అతడు స్వయముగ దాటి, స్వయముగ తిరిగి రాగలుగుచున్నాడు. వివేకమునకు ఇది విఘాతము కాదు. వివేకమునకు ఇది అభ్యాసము.

రెండవ ఆక్షేపమునకు సమాధానము కథలనుండియే లభింపవలసియున్నది.

మాంధాత: పేరెవరు పెట్టిరి?

జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట ఈ పేటను నిర్మించెనని ప్రసిద్ధి. పట్టణమునకు చేరువనున్న బౌద్ధస్తూపపు దిబ్బను స్థానికులు ‘ధనబోడు’ అని పిలుచుచుండిరి. 1882లో జేమ్స్ బర్జెస్ అచట త్రవ్వకములు జరిపించి, 1887లో అమరావతీస్తూపముతో కలిపి దీనిని గూర్చి గ్రంథమును ప్రకటించెను. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ పాలనావర్షమున సిద్ధార్థుడను శిల్పి ఐదు ఆయకస్తంభములను ఇచట నిలిపినట్లు శాసనములు తెలుపుచున్నవి. పాలరాతి వంటి శిలాఫలకములలో మిక్కిలి ప్రసిద్ధమైనది చక్రవర్తి ఫలకము. ఇది క్రీస్తుపూర్వము 1వ శతాబ్దికి చెందినదని సాధారణముగ తలచుచున్నారు. ఛత్రచ్ఛాయలో నిలిచిన రాజు చేయి పైకెత్తగా మేఘములనుండి నాణెములు వర్షించుచుండును. చుట్టును చక్రము, గజము, అశ్వము, మణి, స్త్రీ మొదలగు సప్తరత్నములు చెక్కబడియున్నవి. ఈ ఫలకము నేడు చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉన్నది. ఇందలి రాజు మాంధాతయని పెక్కురు పండితులు గుర్తించిరి.

మాంధాతకథ బ్రాహ్మణ, బౌద్ధసంప్రదాయములు రెంటను కలదు. మహాభారతము వనపర్వమున కథ ఇట్లున్నది. యువనాశ్వుడను రాజు సంతానహీనుడై భార్గవాశ్రమమును చేరెను. రాణి కొరకు అభిమంత్రించి యుంచిన జలమును అతడు రాత్రి దప్పికచే ఎరుగక త్రాగెను. నూరేండ్ల పిమ్మట అతని ఎడమప్రక్క చీలి బాలుడు ఉద్భవించెను. తల్లి లేని ఈ శిశువు ఎవరి పాలు త్రాగవలెనను సంశయము కలుగగా ఇంద్రుడు తన చూపుడువ్రేలిని శిశువు నోట నుంచి, ‘వీడు నన్ను పానము చేయును’ అను అర్థము గల మాట పలికెను. ‘మాం’ అనగా నన్ను. ‘ధేట్’ ధాతువునకు పానము అర్థము. ఆ మాటయే బాలునకు పేరయ్యెను.

దివ్యావదానమున కథ మరియొక విధమున నడచును. ఉపోషధుడను రాజు శిరస్సున లేచిన పొక్కు పగిలి శిశువు వెలువడెను. అతని అరువదివేల అంతఃపురస్త్రీలకును ఒక్కసారిగ స్తన్యము ఉబికెను. ప్రతి స్త్రీయు ‘నన్ను పానము చేయుము’ అని పిలిచెను. ఆ పిలుపునుండియే మాంధాత అను పేరు. శిరస్సున పుట్టినందున మూర్ధాతుడనియు పేరు కలదు.

ఈ రెండు నిరుక్తులను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక విషయము స్ఫుటమగును. పుట్టుక రెండుచోట్లను భిన్నము. ఒకచోట ప్రక్కనుండి, ఒకచోట శిరస్సునుండి. పోషకులును భిన్నులు, ఒకచోట దేవరాజు వ్రేలు, ఒకచోట అరువదివేల తల్లులు. పేరు వచ్చిన మార్గము మాత్రము ఒక్కటే. శిశువును కన్నవారినుండి కాక, ‘నా యొద్ద త్రాగుము’ అని ముందుకు వచ్చినవారి మాటనుండి పేరు పుట్టినది. ‘నీవెవరు’ అను ప్రశ్నకు ఈ కథ చెప్పు సమాధానము జన్మను గాక పోషణను ఆశ్రయించి యున్నది. తల్లిని కోల్పోయి అమ్మమ్మ యొద్దనో, మేనత్త యొద్దనో పెరుగు బాలుడు తరగతిలో ఉన్నచో, ఈ కథ అతనికి చెప్పునది ఏ నీతివాక్యమును చెప్పజాలదు.

పాళీజాతకమున కథాంతము హెచ్చరికతో కూడినది. మాంధాత ఎడమచేతి పిడికిలిని కుడిచేత తాకినంతనే మోకాలిలోతున రత్నవర్షము కురియును. భూలోకము చాలక అతడు స్వర్గమున కేగి శక్రునితో రాజ్యమును పంచుకొనెను. ముప్పదియారుగురు శక్రులు గతించిన పిదప మొత్తము రాజ్యమే కావలెనని కోరి, శక్రుని చంపదలచెను. ఆ కోరికతోడనే వార్ధక్యము పైబడి, తిరిగి తన ఉద్యానమున పడి మరణించెను. అందరి పోషణచేత పేరుపొందినవాడు పంచుకొనుట మరచినందున పతితుడయ్యెను. జగ్గయ్యపేట శిల్పి ఈ పతనమును గాక నాణెముల వర్షమును ఎన్నుకొనుట గమనింపదగినది. ఆ దిబ్బకే ధనబోడను పేరు నిలుచుట యాదృచ్ఛికమైనను, బాలునకు చెప్పదగిన చక్కని ముచ్చటయే.

తలలు మారిన కథ: మొండెమా, శిరస్సా?

సోమదేవుడు 11వ శతాబ్దిని కాశ్మీరమున సూర్యవతీరాణి వినోదార్థము రచించిన కథాసరిత్సాగరమున, పండ్రెండవదగు శశాంకవతీలంబకమున బేతాళకథలు ఇరువదియైదు కలవు. తెలుగు పిల్లలకు ఆ రాజు విక్రమార్కుడు. సోమదేవుని గ్రంథమున మాత్రము అతడు గోదావరీతీరమందలి ప్రతిష్ఠానమును ఏలిన త్రివిక్రమసేనుడు. ఈ కథలకు మూలమనదగిన గుణాఢ్యుని బృహత్కథయు సాతవాహనాస్థానముతో ముడివడినదే. గుణాఢ్యుడు సంస్కృత, ప్రాకృత, దేశభాషలు మూడింటిని విడిచి పైశాచీభాషలో ఏడులక్షల గ్రంథమును చెప్పెననియు, రాజు నిరాకరింపగా ఒక్కొక్క ఆకును మృగపక్షులకు వినిపించుచు ఆరులక్షలు అగ్నికి ఆహుతి చేసెననియు సోమదేవుడే చెప్పుచున్నాడు. మన కథావాఙ్మయమునకు మొదటి శ్రోతలు అడవిజంతువులని చెప్పు ఈ ఐతిహ్యముకంటె బాలసాహిత్యమునకు గౌరవప్రదమైన వంశచరిత్ర మరి యేమి కావలెను?

బేతాళుని ఆరవకథ ఇది. ధవళుడను రజకయువకుడు మదనసుందరిని పెండ్లాడెను. ఆమె అన్నతో కలిసి మువ్వురును ప్రయాణము చేయుచు మార్గమధ్యమున దేవి ఆలయమును చేరిరి. ధవళుడు భక్త్యావేశమున శిరస్సును ఖండించుకొనెను. వెదుకవచ్చిన బావమరిదియు అట్లే చేసెను. మదనసుందరి ప్రాణత్యాగమునకు సిద్ధపడగా దేవి అనుగ్రహించి తలలను మొండెములకు చేర్చుమనెను. తత్తరపాటున ఆమె భర్త తలను అన్న మొండెమునకు, అన్న తలను భర్త మొండెమునకు అతికించెను. వీరిలో భర్త ఎవడని బేతాళుని ప్రశ్న. అంగములలో శిరస్సు ప్రధానము. గుర్తింపు దానినే ఆశ్రయించును. కావున భర్త శిరస్సు గలవాడే భర్తయని రాజు చెప్పిన సమాధానము.

రాజు సమాధానమును విన్నంతనే బేతాళుడు చెట్టెక్కును. కథ ముగిసినను ప్రశ్న ముగియలేదు. తలయే ‘తాను’ అయినచో ఇన్నేండ్లు శ్రమించిన చేతులు ఎవరివి? 20వ శతాబ్దిని ఈ ప్రశ్నయే దేశాంతరములకు వ్యాపించినది. 1940లో జర్మను రచయిత థామస్ మాన్ ఈ కథను నవలికగా వ్రాసెను. 1971లో కన్నడమున గిరీశ్ కర్నాడు ‘హయవదన’ నాటకమును రచించెను. రాజు తీర్పు వారికి తృప్తినీయలేదు. ఎనిమిదేండ్ల బాలునకు తృప్తినీయకుండుట దోషము కాదు. అతడు అడ్డుప్రశ్న వేసిననాడే పాఠము ఫలించినదని ఉపాధ్యాయుడు ఎంచవలెను.

నీలవర్ణజంబుకము: ఎవరి మాట సిద్ధాంతము?

మూడవది మిక్కిలి ప్రచారము గలది. మిక్కిలి ప్రమాదము గలదియు అదియే. నీలిరంగు తొట్టిలో పడిన నక్క అడవికి రాజైనది. తోడినక్కల కూత విని తానును కూసి, సింహాదుల చేత చచ్చినది. ‘జాతిస్వభావము మారదు, ఎవరి హద్దులో వారుండవలెను’ అని దీనికి నీతి చెప్పుట వాడుక. హద్దులు దాటరాదని తరతరములుగ చెప్పించుకొన్న కుటుంబములనుండి మొదటిసారి బడికి వచ్చిన బాలుడు ఈ నీతిని విన్నచో ఏమనుకొనును? ‘నా బట్టలు రంగుబట్టలు, నా కూత ఒకనాడు బయటపడును’ అని కదా! కథ చెప్పినవాడు అతనిని తరగతినుండి మాటతోనే గెంటివేసినట్లగును. కావున మూలము నిజముగ ఈ నీతినే చెప్పుచున్నదా యని పరిశీలించుట మన విధి.

పంచతంత్రము మిత్రభేదమున ఈ నక్క చండరవుడు. రాజైన పిమ్మట కకుద్ద్రుముడని పేరు పెట్టుకొని, సింహవ్యాఘ్రాదులకు అధికారములిచ్చి, స్వజాతినక్కలనన్నింటిని వెడలగొట్టించెను. ఈ కథను ప్రస్తావించు సందర్భమున గ్రంథకర్త చెప్పిన హేతువు స్పష్టము: తనవారిని బాహ్యులనుగ, బాహ్యులను తనవారినిగ చేసికొన్నవాడు నశించును. హితోపదేశమున ఈ కథ విగ్రహమునకు మారినది. ఇచటను ఉపక్రమమున చెప్పబడిన దోషము స్వపక్షపరిత్యాగమే.

మరి స్వభావము మారదను మాట ఎక్కడిది? హితోపదేశమున అది ఒక ముసలినక్క మాట. అవమానితములైన నక్కలను ఓదార్చుచు, సంధ్యవేళ అందరు కలిసి కూసినచో వాడును కూయునని ఆ నక్క కుట్ర పన్నును. ఆ కుట్ర ఫలించునని నమ్మించుటకే స్వభావము దాటరానిదని, రాజైనను కుక్క చెప్పును కొరుకక మానదని ప్రమాణము చూపును. అది పగదీర్చుకొనగోరు పాత్ర పలికిన వాక్యము. కథకుని సిద్ధాంతము కాదు. మీమాంసకులు తాత్పర్యనిర్ణయమునకు ఉపక్రమోపసంహారములను మొదట చూడుమనిరి. ఆ మార్గమున చూచినచో కథాతాత్పర్యము ‘నక్క రాజు కారాదు’ అని కాదు; ‘రాజైన నక్క తోడినక్కలను తరుమరాదు’ అని.

పంచతంత్రమున నక్క కూయు సన్నివేశమును చూడుడు. దూరమున తనవారి కూత విని అది ఒడలు పులకరించి, కన్నుల ఆనందాశ్రువులు నిండి గొంతెత్తినది. పట్టుబడుటకు ముందు దానికి కలిగినది భయము కాదు, ఆనందము. తనవారిని తరిమిన దోషమునకు శిక్షగా, తనవారిపై మిగిలిన ప్రేమయే దానిని పట్టిచ్చినది. ఈ తాత్పర్యముతో విన్న బాలుడు ‘పైకి ఎదుగరాదు’ అని గాక ‘ఎదిగినపుడు ఇంటిని, ఇంటి మాటను విడువరాదు’ అని గ్రహించును. రెండు నీతులకు నడుమ అంతరము వ్యాకరణసూక్ష్మము కాదు. ఒక బాలుని జీవితము.

తెలుగు బాలసాహిత్యము

చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక మిత్రలాభ, మిత్రభేదములతో నిలిచినది. సంధివిగ్రహములను వీరేశలింగము తెలిగించెను. ఇవి పాఠ్యగ్రంథములగుటచే నీతియే ముందునకు వచ్చినది. మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీకథల మార్గము వేరు. అందు మణిసిద్ధుడను యతి వెంట కాశికి నడచు గోపకుమారుడు మజిలీ మజిలీని చూచిన వింతను గూర్చి ప్రశ్నించును. యతి చెప్పి తీరవలెను. ప్రశ్నించు అధికారము పసులకాపరికి, సమాధానభారము జ్ఞానికి లభించిన ఈ ఏర్పాటు గమనార్హము.

1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాల’ పత్రికను నెలకొల్పిరి. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి ‘చందమామ’ను తెలుగు, తమిళములలో ప్రారంభించిరి. కొడవటిగంటి కుటుంబరావు చిరకాలము దాని సంపాదకబాధ్యతను వహించెను. దాసరి సుబ్రహ్మణ్యము 1954లో ‘తోకచుక్క’తో మొదలిడి వరుసగ అద్భుతధారావాహికలను రచించెను. ఇరువదియైదే అయిన బేతాళకథలు చందమామలో చట్రము మాత్రము నిలుపుకొని, క్రొత్తకథలతో దశాబ్దముల పాటు సాగినవి. 2010వ దశకమున ఆ పత్రిక ఆగిపోయినది. ఆ చోటును నేడు చాలవరకు ఆంగ్లకల్పనలు ఆక్రమించుకొన్నవి. 1997లో వెలువడిన హారీపాటరు కథయందును నాయకుడు తల్లిదండ్రులు లేని బాలుడే. నుదుటి మచ్చయే అతనికి అభిజ్ఞానము. ఆ కథను పిల్లలు చదువుటలో దోషము లేదు. అట్టి బాలుడే రెండువేల యేండ్లకు పూర్వము తమ ఊరి రాతిపై నిలిచెనని జగ్గయ్యపేట పిల్లలకు తెలియకుండుటయే లోపము.

ఉపసంహారము

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతమున ఈ ప్రశ్నకు మరియొక ముఖము కలదు. ఒకప్పుడు మద్రాసురాష్ట్రమునకు, నైజాము రాజ్యమునకు సరిహద్దుగ నుండిన సీమ ఇది. 1953లో ఆంధ్రరాష్ట్రమున, 1956లో ఆంధ్రప్రదేశమున చేరినది. 2014లో తెలంగాణము వేరుపడగా మరల సరిహద్దయినది. 2022 ఏప్రిలు 4న కృష్ణాజిల్లానుండి విడివడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. మున్నేరు, పాలేరు కదలలేదు, ఇండ్లు కదలలేదు. చిరునామాలు మాత్రము మారినవి. ‘వాడే వీడు’ అను ప్రత్యభిజ్ఞను ఇచటి బాలునకు బోధించుటకు దేవదత్తునికై కాశికి పోనక్కరలేదు. తాతగారి పాత ఉత్తరములపై చిరునామాను చూపిన చాలును.

పై పరిశీలనముచే తేలిన అంశములు ఇవి. అద్భుతము నీతికి తొడుగు కాదు. స్వరూపవిచారమునకు అది సాధనము. జన్మ, శరీరము, వేషము అను మూడింటిని కథ మార్చిచూపి, ఏది మిగులునో బాలునిచేతనే తేల్పించును. కావున బోధించువారు కథకు ముందు నీతిని చెప్పరాదు. ప్రతివాక్యమును పలికిన పాత్ర ఎవరో విచారింపక దానిని సిద్ధాంతముగ బోధింపరాదు. స్థానికమైన శిల్పమును, ఐతిహ్యమును కథతో జోడింపవలెను. ప్రాచ్యకళాశాలలు తమ పరిసరములందలి కథామూలములను మూలపాఠములతో పోల్చి, పిల్లలకు చదువదగిన సులభమైన తెలుగులో చిన్నపుస్తకములుగ వెలువరించుట తక్షణకర్తవ్యము. మాంధాతకథతో ఆ పని జగ్గయ్యపేటలో ఆరంభింపవచ్చును. విజ్ఞులు ఈ ప్రతిపాదనమును పరిశీలింతురు గాక.